బస్టాండు గోడ పక్కనున్న మనిషిని ఎవరికి అప్పజెప్పాలి? నల్లగొండ వాళ్ళు చెప్పండి

గడియారం_సెంటర్ (నల్లగొండ) | మే 27, రాత్రి 9:40

నాది బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. ఉగాదికి ముందు నుంచి మా వరుస చివర గోడకు ఆనుకుని ఒకాయన ఉంటున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. రోహిణి కార్తె ఎండలో కూడా ఒకదాని మీద ఒకటి మూడు చొక్కాలు. జుట్టు జడలు కట్టింది. ఎవర్నీ ఏమీ అడగడు. నేను పారేసిన కాగితాలు ఏరుకుని, మడతలు పెట్టి చొక్కా లోపల దాచుకుంటాడు. పొద్దున టీ కొట్టాయన టీ, బన్ను ఇస్తాడు. మధ్యాహ్నం నా టిఫిన్‌లో సగం పెడతాను. పెట్టి పక్కకు పోతేనే తింటాడు.

మూడు రోజుల కింద ఆయన ఎడమ కాలు చూశాను. మడమ పైన పుండు, అందులో పురుగులు. అప్పటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నా. ఒకచోట "ఆస్పత్రికి చెప్పండి" అన్నారు. ఆస్పత్రిలో "వెంట మనిషి ఉంటేనే చేర్చుకుంటాం" అన్నారు. ఇంకోచోట "ఆయనంతట ఆయన వస్తానంటేనే బండి ఎక్కిస్తాం" అన్నారు.

ఫోటో పెట్టడం లేదు. వద్దని చెప్పే తెలివి కూడా లేని స్థితిలో ఉన్న మనిషిని ఊరందరికీ చూపించబుద్ధి కాలేదు. ఎవరిని కలవాలి, ఏమని అడగాలి?

నల్లకోటు (నల్లగొండ) | మే 27, రాత్రి 10:25

అన్నా, ఫోన్లు ఆపండి. రేపు కాగితం మీద రాసి మీ పరిధి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 100 సరిగ్గా ఈ మనిషి కోసమే రాశారు. మానసిక జబ్బుతో తిరుగుతూ, తన బాగోగులు తాను చూసుకోలేని మనిషి కనిపిస్తే స్టేషన్ అధికారి తన రక్షణలోకి తీసుకోవాలి. అది దయ కాదు, డ్యూటీ. 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఒక్క రాత్రి కూడా పెట్టడానికి లేదు. ఇల్లూ వాకిలీ తెలియని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ కట్టి, కుటుంబాన్ని వెతికే పని కూడా ఆ స్టేషన్‌దే.

ఇక "వెంట మనిషి" సంగతి. మా దగ్గరికి వచ్చే కేసులు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. రోగి తరఫున నిర్ణయాల్లో సాయపడే ప్రతినిధి ఒకరుండాలని చట్టం అడుగుతుంది, నిజమే. ఎవరూ లేకపోతే ఏం చేయాలో కూడా అదే చట్టంలో ఉంది. రోగుల హక్కులు చూడటానికి ఈ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు, సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టర్‌ని గానీ ఆయన పంపిన మనిషిని గానీ ప్రతినిధిగా నియమించాలి. కాబట్టి నా అన్నవాళ్ళు లేరన్న కారణంతో గేటు దగ్గర నుంచి తిప్పి పంపడానికి వీల్లేదు. ఇల్లు లేనివాళ్ళకు వైద్యం ఉచితం. రేషన్ కార్డు లేదన్నా సరే.

స్టేషన్‌లో కాగితం తీసుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు రండి. పైసా ఖర్చు ఉండదు. నేను అక్కడే ఉంటాను.

బజార్_లైన్ (నల్లగొండ) | మే 27, రాత్రి 11:02

అందరూ ఆయన హక్కులే మాట్లాడుతున్నరు. నా మాట కూడా వినుండ్రి. పోయిన దసరా ముందు మా అమ్మ కూరగాయలకు పోతే, ఇట్లనే తిరిగే ఒకామె రాయి విసిరింది. నుదురు పగిలి ఆరు కుట్లు పడ్డయి. అమ్మకు డెబ్బై ఏండ్లు. ఇప్పటికీ ఒక్కతే బజారుకు పోదు. మేం ఎవరిని అడగాలె? ఆ రాయి విసిరినామె నెల తర్వాత కూడా అదే సందుల ఉన్నది. మా చిన్నప్పుడు ఇట్లాంటోళ్ళను రాత్రిపూట లారీ ఎక్కించి వేరే ఊర్ల దించేటోళ్ళు. తప్పే అనుకో. కానీ వ్యాపారం చేసుకునేటోడికి వేరే దారి ఎవరు చూపిస్తున్నరు?

గడియారం_సెంటర్ | మే 27, రాత్రి 11:15

అమ్మకు ఇప్పుడెట్లుంది అన్నా? మీ బాధ అర్థమైంది. ఈయన ఎవర్నీ ఏమీ అనలేదు, అయినా రేపు ఏమవుతుందో నేనూ చెప్పలేను. అందుకే అడుగుతున్నా.

పాలమూరు_అక్క (నారాయణపేట దగ్గర) | మే 28, పొద్దున 5:50

లారీ ఎక్కించి దించుడు అన్న మాట చదివి రాత్రి నిద్ర పట్టలే. కోపంతో రాస్తలేను తమ్మీ. మా తమ్ముణ్ణి ఎవరో అట్లనే దించిన్రు.

మా తమ్ముడు పుణెల కట్టడం పనికి పోయేటోడు. మా దిక్కు సగం ఊర్లు పుణె, బొంబాయి వలసే కదా. ఇరవై రెండో ఏట ఇంటికొచ్చినప్పటి నుంచి నిద్ర లేదు. గోడల్ల మాటలు ఇనబడుతున్నయి అంటడు. అన్నంల ఏదో కలిపిన్రు అంటడు. బాణామతి చేసిన్రని ఊరంత అన్నరు. మేమూ నమ్మినం. మంత్రగాళ్ళకు, మొక్కులకు రెండేండ్లు పోయినయి, ఎకరం భూమి పోయింది. ఒకాయన వేపమండలతో కొట్టిండు. మా అమ్మ అడ్డం పడ్డది.

ఆఖరుకు హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖానకు తీసుకపోయినం. డాక్టర్ జబ్బు పేరు చెప్పి మందులు రాసిండు. మూడు నెలల్ల మా తమ్ముడు మా తమ్ముడైండు. అన్నం పెట్టమని అడిగిండు, మేకల కాడికి పోయిండు. మంచిగైనంక ఏమైందంటే, నెల నెలా హైదరాబాద్ పోవాలె. ఇద్దరికి బస్సు కిరాయి, ఒక రోజు కూలి. ఒక నెల పోలే. రెండో నెల "నాకు ఏం లేదు, మందులేసుకుంటే నిద్ర వస్తది, నేను వేసుకోను" అన్నడు. మేం కూడా మంచిగనే ఉన్నడు కదా అనుకున్నం. దీపావళి ముందు ఒక పొద్దున లేచి చూస్తే మంచం మీద లేడు.

పదకొండు నెలలు. షోలాపూర్‌ల ఒక ఆశ్రమం వాళ్ళు ఫోన్ చేసిన్రు. వాళ్ళు మందు మొదలుపెట్టినంక ఒకనాడు ఊరి పేరు చెప్పిండట. అక్కడికి ఎట్ల పోయినవ్‌రా అంటే, ఒక ఊర్ల పోలీసోళ్ళో ఎవరో బండిల ఎక్కించుకొని రాత్రి రోడ్డు మీద దించి పోయిన్రని చెప్పిండు. మేం వాణ్ణి వెళ్ళగొట్టలే. మందు ఆగింది, అంతే. రోడ్డు మీద కనబడే ప్రతి మనిషిని ఇంట్లోళ్ళు వదిలేసిన్రనే అనుకోవద్దు.

మీ బస్టాండు మనిషికి కూడా ఎక్కడో ఒక అమ్మ ఉంటది. జల్ది ఆస్పత్రికి చేర్పించుండ్రి.

సిస్టర్_నైట్‌డ్యూటీ (మహబూబ్‌నగర్) | మే 28, మధ్యాహ్నం 2:30

నేను సర్కారు దవాఖానాలో నర్సును. ఆ కాలు ఈ రోజే చూపించండి. పురుగులు పట్టిన పుండును ఇంట్లో కెలకొద్దు, పెట్రోలు పోయొద్దు. జనం పోస్తారు, చర్మం కాలిపోతుంది. ఆస్పత్రిలో టర్పెంటైన్ నూనె వాడి, పురుగులు తీసి, డ్రెస్సింగ్ చేస్తారు. ధనుర్వాతం టీకా అడగండి.

రెండోది. జుట్టు కత్తిరించడం, స్నానం చేయించడం మొదటి పనిగా పెట్టుకోవద్దు. మంచి మనసుతోనే చేస్తారు, వీడియో కూడా తీస్తారు. కానీ ఎవరో తనను చంపడానికి వస్తున్నారని భయపడుతున్న మనిషి మీదికి నలుగురు కత్తెరతో వెళితే ఎట్లుంటుంది? ముందు పుండు, నీళ్ళు, నిద్ర. మందు పని చేయడం మొదలైతే తనే అడుగుతాడు. నేను చూశాను.

డాక్టర్‌ని రక్త పరీక్షలు కూడా చేయమనండి. థైరాయిడ్, మూర్ఛ, మెదడుకు దెబ్బ, విటమిన్ల లోపం, ఏదైనా కావచ్చు. మన జిల్లాల్లో ఇంకొకటి తప్పకుండా అడగాలి, అది కల్లు. దుకాణాల కల్లులో అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలపడం మనకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి తాగిన మనిషికి ఒక్కసారి అది ఆగితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, తనలో తను మాట్లాడుకుంటాడు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మా పాలమూరులో, నిజామాబాద్ వైపు వార్డులు అట్లాగే నిండాయి. దాని చికిత్స వేరు. కల్లు ఆగిన మనిషికీ స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే మానసిక జబ్బు) ఉన్న మనిషికీ రోడ్డు మీద చూస్తే తేడా తెలియదు.

పాలమూరు అక్కా, మీ తమ్ముడికి నెలకోసారి వేసే ఇంజక్షన్ గురించి ఎవరైనా చెప్పారా? రోజూ మాత్ర మింగించడం కుదరని వాళ్ళకు ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ లాంటివి రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి ఇస్తారు. కొందరికి ఒళ్ళు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి, దానికి విడిగా మాత్ర ఇస్తారు. డాక్టరే నిర్ణయించాలి. నా లెక్కలో రోడ్డు మీది మనిషికి ఆ ఇంజక్షన్ తారీఖు తప్పకుండా చూసే ఒక్క మనిషి దొరికితే సగం పని అయినట్టే.

పాలమూరు_అక్క | మే 28, సాయంత్రం 4:05

ఇప్పుడు ఇంజక్షనే సిస్టర్. మెడికల్ కాలేజీ పాలమూరుకే వచ్చినంక ఎర్రగడ్డ పోయే బాధ తప్పింది. మెడికల్ కాలేజీ ఉన్నకాడ మానసిక డాక్టర్లు ఉండాలె కదా, గద్వాల, వనపర్తోళ్ళకు కూడా ఎవరన్న చెప్పాలె. ఇంట్ల ఎవరన్న రాత్రిళ్ళు నిద్రపోక ఒక్కరే మాట్లాడుకుంటుంటే సర్కారు మానసిక ఆరోగ్య నంబరు 14416కు ఫోన్ చేయుండ్రి. తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు. మాకు అప్పుడు ఆ నంబరు లేకుండె.

రాత్రి_కాపలా (పట్టణ నిరాశ్రయుల షెల్టర్‌లో పని, ఊరి పేరు రాయను) | మే 28, రాత్రి 8:10

షెల్టర్ సంగతి నేను చెప్తాను. సుప్రీంకోర్టు చెప్పింది, ఆ తర్వాత కేంద్ర పథకంలో కూడా రాశారు. పట్టణంలో ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే షెల్టర్ ఉండాలి, మనిషికి యాభై చదరపు అడుగులు. మేం ఒక షిఫ్టుకు ఇద్దరం. వచ్చేవాళ్ళు అడ్డా కూలీలు, ఆస్పత్రికొచ్చిన రోగుల బంధువులు, కొడుకులు వదిలేసిన ముసలివాళ్ళు.

మతి సరిగా లేని మనిషిని రాత్రి పదకొండింటికి జీపులో తెచ్చి "ఉంచుకోండి" అంటారు. మందు ఉండదు, చీటీ ఉండదు. ఆయన రాత్రంతా అరుస్తాడు, పొద్దున నాలుగింటికి పనికి లేవాల్సిన కూలీలు నన్ను తిడతారు. ఒకసారి ఒకావిడ నెలసరిలో ఉండి బట్టలన్నీ తడుపుకుంది. ఆ షిఫ్టులో ఆడమనిషి లేదు. పక్క వీధిలో ఒకమ్మను లేపి పిలుచుకొచ్చాను. ఆ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మాకు కావలసింది పెద్ద భవనం కాదు. వారానికి ఒకసారి మానసిక డాక్టరో, శిక్షణ ఉన్న నర్సో వచ్చి పోవాలి. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు చీటీ, నెల మందులు, మళ్ళీ ఎప్పుడు రావాలో రాసి పంపాలి. అట్లా పంపిన ఇద్దరు మా దగ్గర ఏడాది దాటి ఉన్నారు. ఒకాయన పొద్దున ఊడ్చి, నీళ్ళు పడతాడు.

బజార్_లైన్ | మే 28, రాత్రి 9:20

అక్కా, నేను ఆ లారీ మాట అనకపోతే బాగుండు. మీ తమ్ముడి సంగతి మా అమ్మకు చదివి వినిపించిన. అయినా ఒకటి అడుగుత. ఆయన రాను అంటే? జబ్బున్నోడికి జబ్బున్నట్టు తెల్వదు. ఇష్టం ఉంటేనే వైద్యం అంటే ఎన్నటికీ కాదు కదా.

నల్లకోటు | మే 28, రాత్రి 10:00

మంచి ప్రశ్న. ఒప్పుకోకపోయినా చేర్చే దారి చట్టంలో ఉంది, హద్దులతో. తనకో ఇతరులకో ప్రమాదం ఉంటే, లేదా తన బాగోగులు తాను చూసుకోలేక తనకు హాని జరిగే దాకా వస్తే, ఒక సైకియాట్రిస్టు, ఇంకొక మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించి చేర్చుకోవచ్చు. మొదట 30 రోజుల వరకే. ఏడు రోజుల్లో రివ్యూ బోర్డుకు తెలియజేయాలి, ఆడమనిషైతే మూడు రోజుల్లో. పురుగులు పట్టిన కాలు, దానికి వైద్యం వద్దనే మనిషి ఈ నిబంధన కిందికే వస్తారు.

హద్దులు ఎందుకంటే, 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. రోగులను మంచాలకూ స్తంభాలకూ గొలుసులతో కట్టేశారు. 28 మంది కాలిపోయారు. ఇప్పుడు గొలుసు ఏ రూపంలో వేసినా నేరమే. అది ఆస్పత్రైనా, గుడైనా, దర్గా అయినా, సొంత ఇల్లైనా.

సూర్యాపేట_టు_డాలస్ | మే 29, ఉదయం 7:45

ఇక్కడి అనుభవం ఒకటి. అమెరికాలో 1955లో రాష్ట్ర మానసిక ఆస్పత్రుల్లో 5,50,000 మందికి పైగా ఉండేవాళ్ళు. ఏళ్ళ తరబడి బంధించి ఉంచుతున్నారని, కొత్త మందులొచ్చాయని, వాళ్ళను ఊళ్ళలోకి పంపాలనుకున్నారు. 1963 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు కెన్నెడీ ఒక చట్టం మీద సంతకం పెట్టారు, ఊరూరా చికిత్స కేంద్రాలు కడతామని. ఆస్పత్రులైతే ఖాళీ చేశారు గానీ అనుకున్న కేంద్రాల్లో దాదాపు సగం కట్టనే లేదు. ఇళ్ళ అద్దెలు పెరిగాయి. ఇప్పుడు నేను ఆఫీసుకు పోయే దారిలో వంతెన కింద గుడారాలు కనిపిస్తాయి. 2024 జూన్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు, బయట పడుకున్నందుకు ఊళ్ళు జరిమానా వేయొచ్చని తీర్పిచ్చింది.

ఫిన్లాండ్‌లో 2008 నుంచి తలకిందులుగా చేశారు. ముందు బాగుపడు, తర్వాత ఇల్లిస్తాం అనకుండా, ముందే ఇంటి తాళం ఇచ్చి, తర్వాత వైద్యం. అక్కడ వీధిలో ఉండేవాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. అక్కడి డబ్బు వేరు, చలి వేరు, నిజమే. కానీ రాత్రి_కాపలా గారు చెప్పిన చీటీ, నెల మందులు, తర్వాతి తారీఖు, ఇవి లేకే ఇక్కడ లక్షల కోట్ల దేశం కూడా ఓడింది.

రాత్రి_కాపలా | మే 29, ఉదయం 8:30

మనకు ఖాళీ చేయడానికి ఆస్పత్రులే తక్కువ సార్. దేశం మొత్తం మీద ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు యాభై లోపే. మన దగ్గర ఆ ఆస్పత్రి మంచం పని కూడా చేసేది ఇంటివాళ్ళే, అమ్మలే.

గడియారం_సెంటర్ | మే 31, రాత్రి 10:10

చేర్చాం. నల్లకోటు గారు రాసిచ్చిన కాగితం పట్టుకుని వెళ్ళాను. ఎస్సై గారు చదివి, ఇద్దరు కానిస్టేబుళ్ళను మామూలు బట్టల్లో పంపారు, యూనిఫాం చూస్తే భయపడతాడని. టీ కొట్టాయన ముందు నడిచాడు, చేతిలో టీ గ్లాసు. ఆ మనిషి టీ కొట్టాయన వెనకే వచ్చి బండి ఎక్కాడు. ఎవరూ చేయి వేయలేదు. కాగితాలు లాక్కోవద్దని నేనొక్కటే అడిగాను, కట్టగా కట్టి ఆయన పక్కనే పెట్టారు.

పేరు చెప్పడం లేదు. నీళ్ళు కావాలంటే "పాణి" అంటున్నాడు. హిందీ "పానీ" కాదు, ణ గట్టిగా. ఏ భాష?

పాలమూరు_అక్క | జూన్ 1, పొద్దున 6:00

మరాఠీల పాణి అంటరు. మా తమ్ముడు పుణె నుంచి అదే నేర్చుకొచ్చిండు.

బట్టీ_లెక్కలు (భువనగిరి) | జూన్ 1, పొద్దున 9:15

ఒడియాల కూడా పాణి అనే అంటరు. నేను ఇటుక బట్టీల పదేండ్లు లెక్కలు రాసిన. ఏటా బొలంగీర్, నువాపడా దిక్కు నుంచి కుటుంబాలకు కుటుంబాలు బట్టీలకు వస్తయి. అన్నం చూపించి అడుగుండ్రి. "భాతొ" అని చివర ఒ పలికితే ఒడియానే. పలికితే నాకు ఫోన్ కలపండి, నాకు నాలుగు ముక్కలు వస్తయి. బట్టీలు వానలకు ముందు మూసి వాళ్ళు రైళ్ళెక్కే టైంల ఒకరిద్దరు తప్పిపోతనే ఉంటరు. పిలగాళ్ళతోని, సామాన్లతోని, ఎవరు ఎక్కిన్రో ఎవరు ఎక్కలేదో లెక్క తెల్వదు.

గడియారం_సెంటర్ | జూన్ 1, రాత్రి 9:00

భాతొ.

గడియారం_సెంటర్ | జులై 6, రాత్రి 9:30

చాలామంది అడుగుతున్నారు, ఆలస్యానికి మన్నించండి.

కాలు మానింది. నాలుగో వారంలో తనే అద్దం అడిగాడు, తర్వాత జుట్టు తీయించుకున్నాడు. సిస్టర్ చెప్పినట్టే. బట్టీ_లెక్కలు అన్న రెండుసార్లు వచ్చి ఆయనతో మాట్లాడాడు. పేరు, ఊరి పేరు చెప్పాడు. ఇక్కడ రాయను. భార్య, ఒక కూతురు ఉన్నారట. స్టేషన్ నుంచి అక్కడి స్టేషన్‌కు సమాచారం పంపారు. ఇంకా జవాబు రాలేదు. మళ్ళీ ఎక్కడికైనా వలస పోయారో ఏమో.

కాగితాల సంగతి కూడా తెలిసింది. అవి రైలు టిక్కెట్లనుకున్నాడు. ఇంటిల్లిపాదికీ సరిపడా కూడబెడుతున్నానని చెప్పాడట. నేను పారేసిన పాడైన జిరాక్సులు అవి. ఆ రోజు నాకు షాపు తెరవబుద్ధి కాలేదు.

ఇప్పుడు చిక్కేమంటే, వార్డులో మంచం కావాలంటున్నారు, శుక్రవారం పంపించేస్తారు. షెల్టర్ వాళ్ళు చీటీ, మందులు ఉంటే తీసుకుంటామన్నారు. తర్వాతి ఇంజక్షన్ ఈ నెల 14న. నేను తీసుకెళ్తాను గానీ, ఆ రోజు మా పాప స్కూల్లో చేరే రోజు. పొద్దున పదిలోపు ఎవరైనా తోడుండగలరా?

బజార్_లైన్ | జులై 6, రాత్రి 9:50

నేను పోత. నాకు బండి ఉన్నది. ఆయనకు నా ముఖం తెల్వదు, 13న ఒకసారి చూపించన్నా.

పాలమూరు_అక్క | జులై 7, పొద్దున 5:40

నేనూ వస్త. పొద్దుగాల బస్సెక్కితే కల్వకుర్తి, మల్లేపల్లి మీదికెళ్ళి పదిలోపు అందుకోకపోవచ్చు, అందుకే 13 రాత్రికే వచ్చి మా చిన్నమ్మోళ్ళింట్ల పండుకుంట. మా తమ్ముణ్ణి కూడా తెస్తున్న. ఇంజక్షన్ అంటే ఆయన భయపడితే, వీడు తన చెయ్యి చూపిస్తనన్నడు.